ఇంటి చెట్టు కొట్టించే ముందు: అపోహలు – వాస్తవాలు

మా నాయన నకిరేకల్ దగ్గర గీత కార్మికుడు. నడుముకు మోకు చుట్టుకుని ఆయన తాడిచెట్టు ఎక్కుతుంటే కింద నిలబడి చూస్తూ పెరిగాను. నేను కల్లు గీయలేదు గానీ చెట్టును మాత్రం విడిచిపెట్టలేదు. 18 ఏళ్లుగా నల్లగొండ చుట్టుపక్కల, అప్పుడప్పుడు జడ్చర్ల, మహబూబ్‌నగర్ దాకా పోయి ఇళ్లల్లో కొమ్మలు తీయడం, తప్పనిసరి అయితే చెట్టు పడగొట్టడం నా పని.

పని అయిపోయాక ఇంటివాళ్లు గేటు ముందు పడ్డ కొమ్మల కుప్ప దగ్గరికి వస్తారు. కుప్ప పెద్దగా ఉంటే "పైసలకు తగ్గ పని చేసిండు" అంటారు. చిన్నగా ఉంటే ముఖం చిన్నబుచ్చుకుంటారు. తల ఎత్తి చెట్టు వైపు చూసేవాళ్లు చాలా తక్కువ. నేను వినే అపోహల్లో సగం ఆ కుప్ప దగ్గరే పుట్టాయి.

అపోహ: "మొత్తం మొండి చేసెయ్ తమ్మీ, ఐదేళ్ల దాకా మళ్లీ చూసుకునే పని ఉండొద్దు."

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ మాటే. ఆకు చెట్టుకు వంటిల్లు. ఒక్కరోజులో ఆకంతా తీసేస్తే చెట్టు ఆకలితో అల్లాడుతుంది. లోపల నిల్వ ఉన్న బలమంతా ఖర్చు పెట్టి బెరడు కింద నిద్రపోతున్న మొగ్గలను లేపుతుంది. నాలుగైదు నెలల్లో మొండి చుట్టూ గుత్తులు గుత్తులుగా కొత్త కొమ్మలు వస్తాయి. ఇంటివాళ్లు "చూసినవా, ఎంత మంచిగ చిగురేసిందో" అని సంబరపడతారు. కానీ పాత కొమ్మ మాను లోపలి నుంచి పుట్టుకొస్తుంది. ఈ కొత్తది పైన అతికించినట్టు, బెరడును పట్టుకుని నిలబడుతుంది. రెండు మూడేళ్లలో చెట్టు పాత ఎత్తుకే వస్తుంది, ఈసారి బలహీనమైన కొమ్మలతో.

ఒక కాలనీలో వేపచెట్టును వేరే మనుషులు ఇట్లాగే మొండి చేసి పోయారు. మూడో ఏడు మే నెల గాలిదుమారంలో ఒక కొమ్మ విరిగి కింద ఆపిన స్కూటీ మీద పడింది. మిగతావి చూడమని నన్ను పిలిస్తే ఎక్కాను. కొమ్మ ఊడిన చోట తొక్క ఒలిచినట్టు బెరడు చీలి ఉంది. పక్కనే పాత మొండి పైభాగం గిన్నెలా గుంతపడి, అందులో నల్లటి నీళ్లు, చీమలు. చూపుడువేలు పెడితే తడిసిన అట్టలోకి పోయినట్టు రెండు కణుపులు లోపలికి పోయింది. అదే గుత్తిలో ఇంకా ఆరు కొమ్మలు ఉన్నాయి. ఒక్కొక్కటీ మనిషి చేయంత లావు, అన్నీ ఆ కుళ్లిన అంచునే పట్టుకుని వేలాడుతున్నాయి.

ఒకసారికి ఆకుపచ్చలో పావు వంతుకు మించి తీయకూడదు. ముసలి చెట్టుకైతే ఇంకా తక్కువ. ఎండినవి, ఒకదాన్ని ఒకటి రాసుకునేవి, ఇంటి కప్పు మీదికి వాలినవి తీస్తే చాలు. ఎత్తు తగ్గించాలంటే కొమ్మను మధ్యలో నరకకుండా, పక్కకు పోయే ఇంకో బలమైన కొమ్మ దాకా వెనక్కి వచ్చి అక్కడ కోయాలి. అప్పుడు గాలి చెట్టులోంచి దూరిపోతుంది. కుప్ప మాత్రం చిన్నగానే ఉంటుంది.

అపోహ: "కొమ్మను మానుకు సమంగా నున్నగా కోసి, రంగు పూస్తే గాయం మానుతుంది."

చెట్టుకు గాయం మనకు మానినట్టు మానదు. పాడైన భాగం చుట్టూ గోడ కట్టి, దాని పైనుంచి కొత్త కట్టెతో మూసేస్తుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త వేల చెట్లను నిలువునా కోసి చూసి ఈ సంగతి తేల్చారు. కొమ్మ మాను నుంచి బయలుదేరే చోట చొక్కా కాలర్ లాగా ముడతలతో ఉబ్బెత్తు ఉంటుంది. ఆ గోడ కట్టే శక్తి అక్కడే ఉంది. "నున్నగా" కోసేవాళ్లు దాన్నే చెక్కేస్తారు. అట్లా అని జానెడు మొండి వదిలినా అది ఎండి, కుళ్లు లోపలికి దారి చేసుకుంటుంది. ఉబ్బెత్తుకు తగలకుండా, దాని అంచుకు ఆనుకుని కోయాలి.

బరువైన కొమ్మకు ఒక్క కోత పనికిరాదు. మానుకు అడుగు దూరంలో ముందు కింది నుంచి మూడో వంతు లోతు కోస్తాను. ఇంకో రెండు మూడంగుళాలు అవతల పై నుంచి కోస్తే కొమ్మ ఆ కింది కోత దగ్గర తెగి పడుతుంది. మిగిలిన ముక్కను ఒక చేత్తో పట్టుకుని మూడో కోత. మొదటి కోత మానేస్తే ఏమవుతుందో ఊళ్లో చాలా చెట్లు చూపిస్తాయి: కొమ్మ సగం తెగగానే బరువుకు ఊడి, మాను మీది బెరడును నాలుగైదు అడుగులు చీల్చుకుంటూ దిగుతుంది.

రంగు, తారు, పేడ ఏవీ అవసరం లేదు. తడిని లోపల బిగించి కుళ్లుకే సాయం చేస్తాయి. మామిడి తోటల్లో కోతలకు బోర్డో పేస్ట్ పూస్తారు, అది బూజు తెగుళ్లకు మందు. ఇంట్లో మిగిలిన పెయింటు డబ్బాకు, దానికి సంబంధం లేదు.

అపోహ: "వేప మొత్తం మాడిపోయింది, చచ్చింది, కొట్టెయ్."

2021లో వేపలకు ఎండు తెగులు వచ్చినప్పుడు ఈ ఒక్క మాటతో ఎన్ని చెట్లు పోయాయో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. చివరి కొమ్మల నుంచి మొదలై, మంట తగిలినట్టు చెట్టంతా గోధుమ రంగుకు తిరిగింది. ఫోమాప్సిస్ అనే బూజు జాతి దీనికి కారణమని వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చెప్పారు. చిగుళ్లలో రసం పీల్చే టీ దోమ దానికి తోడైంది. వానలు వెనకబట్టే రోజుల్లో ఇది ఇప్పటికీ కనబడుతూనే ఉంది.

నేను చేసే పరీక్ష చాలా చిన్నది. వేలంత కొమ్మ మీద గోటితో బెరడు గీకుతాను. కింద పచ్చగా, తడిగా ఉంటే కొమ్మ బతికే ఉంది. పొడిగా గోధుమ రంగుంటే ఇంకొంచెం కిందికి పోయి మళ్లీ గీకుతాను. చాలా చెట్లలో చివరి రెండు మూడడుగులే ఎండి ఉంటాయి. ఎండినంత మేర తీసి కాల్చేయండి, ఉగాది దాకా ఆగండి. పూత సమయానికి చిగురు వేయకపోతే అప్పుడు మాట్లాడుకుందాం. "ఆగండి" అని నేను చెప్పి వచ్చిన చెట్లలో ఎక్కువ భాగం ఇవాళ నీడనిస్తున్నాయి.

అపోహ: "నా ఇల్లు, నా చెట్టు. ఎవర్ని అడగాలె?"

2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం (అందరూ వాల్టా అంటారు) సొంత స్థలంలో చెట్టుకు కూడా వర్తిస్తుంది. చెట్టు కొట్టేయాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. నీలగిరి, సుబాబుల్, సరుగుడు లాంటి కొన్నింటికి మినహాయింపు ఉంది. టేకుకు నరకడానికి ఒక అనుమతి, కట్టె తరలించడానికి ఇంకొకటి. తాడి, ఈత చెట్ల విషయంలో ఎక్సైజ్ శాఖను అడగాలి, ఎందుకంటే ఆ చెట్టు మీద ఒక కుటుంబం బతుకుతుంది. "కాగితం సంగతి మేం చూసుకుంటం" అన్నవాళ్లను ఆ కాగితం చూపించమనండి. రేపు కేసంటూ అయితే ముందు పిలిచేది ఇంటి యజమానినే.

అపోహ: "తీగలకు తగలకుండా జాగ్రత్తగ కోస్తవ్ గద."

కొయ్యను. ఎంత డబ్బిచ్చినా కొయ్యను. 11 కేవీ తీగకు పైన తొడుగు ఉండదు. కొమ్మ పూర్తిగా తగలాల్సిన పని కూడా లేదు, దగ్గరికి వస్తే చాలు. పచ్చి కొమ్మలో నీళ్లుంటాయి, దాన్ని పట్టుకున్న మనిషిలో నీళ్లుంటాయి. కింద అల్యూమినియం నిచ్చెన ఉంటే ఇక చెప్పేదేముంది.

ఎల్‌సీ తీసుకోవాలి, అంటే లైన్ క్లియరెన్స్. అటువైపు సరఫరా ఆపి, లైన్‌మన్ తీగలను ఎర్త్ చేసి, తనే వచ్చి "ఎక్కొచ్చు" అని చెప్పాలి. ఇంట్లో కరెంటు పోయిందంటే తీగలో లేదని అర్థం కాదు. పక్కింటి జనరేటర్ నుంచి వెనక్కి వచ్చే కరెంటు కూడా ప్రాణం తీస్తుంది. లైన్ల మీదికి వచ్చిన కొమ్మలను కొట్టించే బాధ్యత విద్యుత్ సంస్థకు ఉంది. 1912కు ఫోన్ చేసి చెప్పండి.

అపోహ: "వేర్లు పునాది పగలగొడతాయి, అటువైపు వేర్లు నరికేస్తే సరిపోతుంది."

రావి, మర్రి, జువ్వి గోడ పగుల్లో మొలిస్తే మాత్రం వెంటనే పీకేయండి, అందులో మొహమాటం వద్దు. మిగతా చెట్ల వేరు గట్టి పైపును పగలగొట్టదు. ఎప్పటి నుంచో కారుతున్న జాయింటు దగ్గరికి తడి వెతుక్కుంటూ పోయి అందులో దూరుతుంది. ముందు ఆ లీకేజీ బాగు చేయించండి.

వేర్లు నరకడం గురించి మన నేల సంగతి తెలియాలి. మనవైపు చాలాచోట్ల పైన ఎర్ర చెలక, దాని కింద మొరం, ఆ కింద రాయి. వేరు లోతుకు పోలేక పక్కకు పాకుతుంది. ఎక్కువ వేర్లు పైన రెండడుగుల మట్టిలోనే, కొమ్మల నీడ దాటి కూడా వ్యాపించి ఉంటాయి. కాంపౌండ్ గోడకనో డ్రైనేజీకనో మాను పక్కనే గుంత తవ్వితే ఒకవైపు గుంజలు తీసేసిన పందిరి అవుతుంది చెట్టు. పైకి రెండేళ్ల దాకా ఏమీ తెలియదు. దుమారం వచ్చిన రోజు తవ్విన వైపుకు అవతలి పక్కకు ఒరుగుతుంది. పడ్డ చెట్టు దగ్గరికి పిలిచినప్పుడు నేను ముందు అడిగేది "ఈ మధ్య ఇక్కడ ఏమైనా తవ్వారా" అనే. చాలామంది కాసేపు ఆలోచించి "అవునన్నా, గోడ కట్టినం" అంటారు.

ఎప్పటి నుంచో వంగి, అట్లాగే పెరిగిన చెట్టుతో భయం లేదు. కొత్తగా ఒరిగి, మొదట్లో మట్టి లేచి పగులు కనబడితే ఆ రోజే పిలవండి. మహబూబ్‌నగర్‌లో మూడెకరాలకు పైగా విస్తరించిన పిల్లలమర్రి చూశారు కదా. 2017 చివర్లో కొమ్మ విరిగి, చెదలు పట్టి సందర్శకులను ఆపేసినప్పుడు, దాని పని అయిపోయిందనుకున్నవాళ్లున్నారు. మరుసటి ఏడు సెలైన్ ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి చెదల మందు ఎక్కించారు, బరువైన కొమ్మల కింద కాంక్రీటు స్తంభాలు నిలబెట్టారు. మీ ఇంటి చింతకు అంత అక్కర్లేదు, ఒక ఊతం, కొంచెం బరువు తగ్గింపు చాలు.

అపోహ: "తొర్ర చేసి ఇంగువో యాసిడో పోస్తే అదే ఎండుతుంది, తర్వాత చవకగా కొట్టించొచ్చు."

ఇంగువతో చెట్టు చావగా నేను చూడలేదు. యాసిడ్, కలుపు మందు మట్టిలోకి దిగి పక్క మొక్కలకూ నష్టం చేస్తాయి. పైగా ఎండిన చెట్టుకు ఖర్చు ఎక్కువే తప్ప తక్కువ కాదు. పచ్చి కొమ్మ వంగి, చప్పుడు చేసి హెచ్చరిస్తుంది. ఎండిన కొమ్మ చెప్పకుండా విరుగుతుంది. దాని మీద కాలు పెట్టమని నేను నా మనుషులకు చెప్పలేను. క్రేన్ తేవాలి.

అపోహ: "కట్టె మీరే తీసుకపోండి, ఇంక కూలి ఎందుకు?"

గుల్మొహర్, బాదం కట్టెను ఎవరూ కొనరు. ట్రాక్టర్ కిరాయికి కూడా రాదు.

అపోహ: "తాడి ఎక్కేటోడు ఏ చెట్టయినా ఎక్కుతడు."

మా నాయన మీద గౌరవంతోనే ఇది చెబుతున్నా. తాడికి కొమ్మలుండవు, మోకు మానును చుట్టుకుని మనిషిని పడిపోకుండా ఆపుతుంది. వేప మీద ఆపాల్సింది మనిషినే కాదు, కొమ్మను కూడా. జానెడు మందం, పన్నెండడుగుల పచ్చి కొమ్మ వంద కిలోలకు తక్కువ ఉండదు. దాన్ని తాడు కట్టి, పై కొమ్మ మీదుగా వేసి, కింద మాను చుట్టూ రెండు చుట్లు తిప్పి మెల్లగా దించాలి. కింద తాడు వదిలేవాడి చేతుల్లో పైవాడి ప్రాణం ఉంటుంది. తాళ్లు, బెల్టు ఎంత అనుభవమున్నవాళ్లకైనా కావాల్సిందే. అందుకే కదా 2024లో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది.

పనికి పిలిచినప్పుడు హెల్మెట్, బెల్టు, రెండు తాళ్లు ఉన్నాయా చూడండి. ఒంటరిగా వచ్చినవాణ్ని ఎక్కించకండి. ప్రమాద బీమా ఉందా అని అడగండి. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలే, ప్రాణం పోతే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. అది కూడా లేనివాడొస్తే బ్యాంకుకు పంపి, తర్వాతే పని ఇవ్వండి. గూట్లో గుడ్లు, పిల్లలు ఉంటే నెలాగుదామన్నవాణ్ని వదులుకోకండి.

రేటు ఫోన్లో అడిగితే నేను చెప్పను. మూడు ఫొటోలు అడుగుతాను: చెట్టు మొత్తం, మొదలు దగ్గరి మట్టి, చుట్టూ ఉన్న తీగలు. తర్వాత వచ్చి చెట్టు చుట్టూ తిరిగి చూస్తాను, మొదట్లో కర్రతో కొట్టి చప్పుడు వింటాను. బోలు చప్పుడు వస్తే మీరూ చెయ్యి పెట్టి కొట్టి వినండి, ఏ కొమ్మ ఎందుకు తీస్తానో అక్కడే చెబుతాను. చూసి పోయినందుకు డబ్బు తీసుకోను.