డిజిటల్ మైక్రోస్కోప్: పెట్టె మీది అంకెలు నమ్మొచ్చా?

చెన్నై రిచీ స్ట్రీట్‌లో అడిగినా, ఆన్‌లైన్‌లో వెతికినా ఇంటికి పనికొచ్చే యూఎస్‌బీ మైక్రోస్కోప్ అంటే ఎక్కువగా ఒకే రకం చూపిస్తారు. గుప్పెట్లో పట్టే గొట్టం, మొన చుట్టూ 8 ఎల్‌ఈడీలు, నడుముకి ఫోకస్ చక్రం, వైరు మీద లైటు తగ్గించే చిన్న చక్రం. పిల్లల సైన్స్ ప్రాజెక్టు కోసం కొనే మనవాళ్లు ముందుగా చూసేది పెట్టె మీది ఎక్స్ అంకె. పొరబడేదీ అక్కడే.

అపోహ: 1600ఎక్స్ అంటే 1600 రెట్లు పెద్దగా చూపిస్తుంది.

వాస్తవం: బొమ్మ తెరమీద పడేటప్పుడు ఎన్ని రెట్లన్నది తెర సైజును బట్టి మారిపోతుంది. స్టీలు స్కేలును మొన కింద పెట్టి ఫోకస్ చేయండి. బొమ్మ వెడల్పులో 5 మి.మీ. కనిపిస్తూ, ల్యాప్‌టాప్ మీద ఆ బొమ్మ 300 మి.మీ. ఉంటే మీ దగ్గరున్నది 60 రెట్లు. మీటరు వెడల్పున్న టీవీకి కలిపితే 200 రెట్లవుతుంది, కొత్త వివరం మాత్రం ఒక్కటీ రాదు. అసలు హద్దు లెన్సుది, సెన్సర్‌ది. ఆ 5 మి.మీ.లను 640 పిక్సెళ్లకు పంచితే ఒక్కోదానికి దాదాపు 8 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు), 1920కి పంచితే 2.6. పెరుగులోని బ్యాక్టీరియా మందం ఒక మైక్రాన్ అటూఇటూ. కాబట్టి అది కనిపిస్తుందని పిల్లలకు ఆశ పెట్టకండి. వెంట్రుక, ఇసుక రేణువు, చీమ కన్ను, సర్క్యూట్ బోర్డు మీది టంకం... వీటికి ఈ పరికరం భేషుగ్గా సరిపోతుంది.

అపోహ: చక్రం తిప్పితే జూమ్ అవుతుంది.

వాస్తవం: అది ఫోకస్ చక్రం. రెట్లు మారాలంటే వస్తువుకీ మొనకీ మధ్య దూరం మార్చాలి. మొన వస్తువుకి దాదాపు ఆనినప్పుడు ఒకచోట, కొన్ని సెంటీమీటర్లు పైకి లేపితే ఇంకోచోట బొమ్మ తేటపడుతుంది. చక్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి పూర్తిగా తిప్పి చూడకుండానే పాడైందని వెనక్కి పంపేసేవాళ్లు చాలామంది. సాఫ్ట్‌వేర్‌లో కొలతలు తీస్తుంటే, దూరం మార్చిన ప్రతిసారీ స్కేలు పెట్టి మళ్లీ కాలిబ్రేట్ చేయాల్సిందే, అంటే ఒక మి.మీ. తెరమీద ఎంతో సాఫ్ట్‌వేర్‌కి చూపించాల్సిందే.

అపోహ: బొమ్మ మసకగా ఉంటే లెన్సు నాసిరకం.

వాస్తవం: ముందు స్టాండుని అనుమానించండి. వంగే మెడ ఉన్న స్టాండు చెయ్యి తగిలితే చాలు ఊగుతుంది, ఆ ఊపు కూడా 60 రెట్లయి కనిపిస్తుంది. వంటింటి గ్రానైట్ గట్టు మీద పెట్టండి, ఫ్యాను ఆపండి, ఫోటో బటన్ గొట్టం మీద కాకుండా ల్యాప్‌టాప్‌లో నొక్కండి. గొట్టాన్ని కదపొద్దు, వస్తువును ఒక అట్టముక్క మీద పెట్టి ఆ అట్టనే జరపండి.

అపోహ: లైటు ఎంత పెంచితే అంత స్పష్టం.

వాస్తవం: నాణెం మీద ఎల్‌ఈడీలు 8 తెల్ల చుక్కలై మెరుస్తాయి, అక్షరాలు మాయం. ఎల్‌ఈడీలు బాగా తగ్గించి, పక్కనుంచి టార్చ్‌ని ఏటవాలుగా వేయండి, గీతల నీడలు లేచి వస్తాయి. ఉల్లిపొరలాంటి పలచటివాటికి వెలుగు కింద నుంచి రావాలి. ఉల్లిరెబ్బ లోపలివైపు పొర ఒలిచి, స్లైడు మీద నీటి చుక్కలో ముడతలు లేకుండా పరచండి. నీళ్లు కలిపిన అయోడిన్ ఒక చుక్క వేసి, కవర్ స్లిప్‌ని (పైన కప్పే పలచటి గాజుముక్క) ఒక అంచు ఆనించి మెల్లగా వాల్చండి, లేదంటే బుడగలు చేరతాయి. స్లైడు కింద తెల్ల తెర పెట్టిన ఫోను సరిపోతుంది. అయితే మధ్యలో ట్రేసింగ్ పేపరు ఉండాలి, లేకపోతే కణాల బదులు ఫోను పిక్సెళ్లు కనిపిస్తాయి! ఇటుకలు పేర్చినట్టు కణాల గోడలు తెలుస్తాయి, అంతకుమించి ఆశించొద్దు.

అపోహ: పెట్టెలో వచ్చిన సీడీ వేస్తేనే పనిచేస్తుంది.

వాస్తవం: చాలావాటికి అక్కర్లేదు. విండోస్‌లోని కెమెరా యాప్ దీన్ని వెబ్‌క్యామ్‌లాగే గుర్తిస్తుంది. దీని బదులు ల్యాప్‌టాప్ సొంత వెబ్‌క్యామ్ తెరుచుకుంటే యాప్‌లో కెమెరా మార్చుకోండి.

అపోహ: దీని కింద టంకం వేసుకోవచ్చు.

వాస్తవం: వేసిన టంకం చూసుకోవచ్చు. వేయడానికి మాత్రం మొన కింద టంకం వేసే వేడి కడ్డీ పట్టే చోటుండదు, బొమ్మ చెయ్యి కంటే ఆలస్యంగా కదులుతుంది, ఫ్లక్స్ (టంకం అతుక్కోవడానికి వాడే పదార్థం) పొగ లెన్సుకి పడుతుంది. ఆ పనికి పది సెంటీమీటర్లయినా ఎత్తులో ఫోకస్ అయ్యే, సొంత తెర ఉన్న రకం కొనాలి.

చెన్నైవాళ్లకు ఒక మాట. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల తేమకి లెన్సు మీద బూజు పట్టే ప్రమాదముంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. బియ్యంలో పూడ్చొద్దు, ఆ పిండి మొనలో చేరితే తుడవడానికి వేలు పట్టదు.