పోడు పట్టాలు: అపోహలు, వాస్తవాలు

అపోహ: ‘ఇప్పుడు అడవి కొట్టి దున్నుకోండి, గెలిచాక పట్టాలిప్పిస్తాం.’

ఎన్నికలొస్తే ఏజెన్సీలో ఈ మాట వినపడుతూనే ఉంటుంది. నమ్మినవాళ్లే నష్టపోతారు. పోడుకు, అంటే అడవి నేలలో చేసుకునే సాగుకు, పట్టాలిచ్చే అటవీ హక్కుల చట్టాన్ని 2006లో పార్లమెంటు చేసింది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి చేతికింద ఉన్న భూమికే పట్టా. అసెంబ్లీ తీర్మానం చేసినా ఆ తేదీ మారదు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాల పట్టాలిస్తున్నట్టు తెలంగాణ ప్రభుత్వం ప్రకటించినప్పుడూ చట్టంలో గడువు అదే. కొత్తగా నరికినవాళ్లకు మిగిలేది 1967 అటవీ చట్టం కింద కేసు. పైగా వాలు నేలలో చెట్టు పోతే పైమట్టి వానలకు వాగులో కలుస్తుంది, పట్టా వచ్చినా పంట రాదు.

అపోహ: ఎమ్మెల్యే చెబితే పని అయిపోతుంది.

నిర్ణయించే ఏ కమిటీలోనూ ఎమ్మెల్యేకు చోటు లేదు. గ్రామసభ తీర్మానం ఆర్డీవో స్థాయి సబ్‌డివిజన్ కమిటీకి, అక్కణ్నుంచి కలెక్టర్ అధ్యక్షుడిగా ఉండే జిల్లా కమిటీకి వెళ్తుంది. కాబట్టి ఊరు కాచుకోవాల్సింది గ్రామసభ రిజిస్టరు. సభకు కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు మహిళలు ఉండాలి, దరఖాస్తుదారుల్లోనూ సగం మంది ఉండాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో సభ గూడెం స్థాయిలో జరగాలి. పంచాయతీ ఆఫీసులో అన్ని గూడేలకూ కలిపి సంతకాలు పెట్టించిన తీర్మానం తర్వాత నిలబడదు.

అపోహ: ఉపగ్రహ చిత్రంలో సాగు కనపడకపోతే దరఖాస్తు చెల్లదు.

ఎక్కువ అన్యాయం జరిగేది ఇక్కడే. పోడు చేలో ఇప్ప, తునికి చెట్లను ఉంచేస్తారు. అలాంటి ఎకరంన్నర ముక్క పైనుంచి చూస్తే అడవిలాగే ఉంటుంది. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం ఆ చిత్రం అదనపు ఆధారమే, మిగతావాటికి బదులు కాదు. ఫలానా కాగితమే తెమ్మని అడగడానికీ వీల్లేదు. కావాల్సింది ఏవైనా రెండు ఆధారాలు. చదును చేసిన నేల, గట్లు, బావి, పాత సమాధులు కూడా ఆధారాలే. పెద్దల వాంగ్మూలం చెల్లుతుంది, అయితే చెప్పేవాళ్లు దరఖాస్తుదారులు కాకూడదు, మాటను రాతలో పెట్టాలి. గ్రామసభ ఎన్నుకున్న అటవీ హక్కుల కమిటీ పొలం మీదికి వచ్చిన రోజు పంచనామాలో నాలుగు హద్దులు, పక్క రైతుల పేర్లు, రాళ్లు ఏరి కట్టిన గట్టు ఏ వైపు ఎంత పొడవుందో రాయించుకోండి. ‘సాగులో ఉంది’ అని ఒక్క ముక్క రాసి వదిలేసిన ఫైళ్లే వెనక్కి వస్తాయి.

అపోహ: ఇంటికి పదెకరాలు ఇస్తారు.

నాలుగు హెక్టార్లు, అంటే సుమారు పదెకరాలు, గరిష్ఠ పరిమితి. రెండెకరాలు దున్నుతుంటే రెండెకరాలే. పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. వారసత్వంగా వస్తుంది, అమ్మడానికి లేదు. తెల్లకాగితం మీద కొన్నవాళ్లకు ఏ హక్కూ రాదు.

అపోహ: గిరిజనేతరులకు ఈ చట్టంలో చోటే లేదు.

ఉంది. అయితే 2005 డిసెంబరు 13 నాటికి మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అడవిలో ఉంటూ దాని మీద ఆధారపడి బతుకుతున్నట్టు చూపాలి.

అపోహ: హక్కులిస్తే అడవి మిగలదు.

అడవిని, వన్యప్రాణుల్ని, వాగుల్ని కాపాడే అధికారం ఐదో సెక్షన్ గ్రామసభకే ఇచ్చింది. దాన్ని పూర్తిగా వాడుకోవాలంటే ఊరు ఫారం-సి దరఖాస్తు పెట్టి, తరతరాలుగా కాస్తున్న అడవి మీద సామూహిక హక్కు అడగాలి. మేత మేపే చోటు, వెదురు కొట్టే గుట్ట, దేవుడి బండ, వాగు పటంలో గుర్తించి, హద్దుల దగ్గర పక్క ఊళ్ల ఒప్పుకోలు సంతకాలు తీసుకోవాలి. వెదురు, తునికాకు అమ్ముకునే హక్కు కూడా చట్టంలో ఉంది. మన నాయకులు సభల్లో వ్యక్తిగత పట్టాల లెక్కే చెబుతారు, ఫారం-సి ఊసెత్తరు. ఊరికి ఎక్కువ కాలం పనికొచ్చేది ఇదేనని మా గట్టి అభిప్రాయం.

అపోహ: తిరస్కరిస్తే ఖాళీ చేయాల్సిందే.

పరిశీలన పూర్తిగా ముగిసేదాకా ఖాళీ చేయించకూడదని నాలుగో సెక్షన్ చెబుతోంది. తిరస్కరణ కారణాలతో సహా రాతపూర్వకంగా మీ చేతికి రావాలి. గ్రామసభ కాదంటే సబ్‌డివిజన్ కమిటీకి, అదీ కాదంటే జిల్లా కమిటీకి, ప్రతిసారీ 60 రోజుల్లోపు అప్పీలు వేయాలి. కాగితం అందిన తేదీని దాని మీదే రాసి సంతకం పెట్టించుకోండి, గడువు లెక్కకు అదే ఆధారం.