ఈత రానివాళ్లు సముద్ర గుహల్లోకి కయాక్‌లో పోవచ్చా? అపోహలు - వాస్తవాలు

పోయిన వారం మళ్లీ ఒక కుటుంబం ట్రిప్ మానుకుంది. కాజీపేటలో ఉంటారు. కూతురు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. అమ్మానాన్నల పెళ్లి రోజుకని థాయిలాండ్ ట్రిప్ బుక్ చేసింది. అందులో ఒకరోజు సముద్ర గుహల్లో కయాకింగ్, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలో తిరగడం. బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు ఆ తండ్రి నాకు ఫోన్ చేశారు. "సార్, మా ఇద్దరికి ఈత రాదు. మా బావమరిది వద్దంటె వద్దంటున్నడు. మేం రాం." అరగంట మాట్లాడాను. మనసు మారలేదు. కట్టిన డబ్బులో సగం పోయింది. ఆ అమ్మాయి ఎంత బాధపడిందో నాకు తెలుసు.

అదే రోజు సాయంత్రం నర్సంపేట కుర్రాడి ఫోన్. "అన్నా, నాకు ఈత మస్తు వస్తది. లైఫ్ జాకెట్ ఏస్కోకున్నా నడుస్తది గదా? ఫొటోలల్ల మంచిగుండదు."

ఒకరు భయంతో ఆగిపోయారు, ఇంకొకరు ధైర్యంతో ప్రమాదం కొనితెచ్చుకోబోయారు. ఇద్దరి వెనకా ఉన్నది ఒకే అపోహ: నీళ్ల మీద మనిషిని కాపాడేది ఈతేనని. నా పనిలో జనానికి ఇంతకంటే నష్టం చేసిన మాట ఇంకొకటి నేను చూడలేదు.

నేను హన్మకొండలో ఉంటాను. ఏటా నవంబర్ నుంచి మార్చి దాకా చిన్న గ్రూపులను ఫుకెట్ పక్కనున్న ఫాంగ్ నా అఖాతానికి తీసుకెళ్తాను. థాయిలాండ్‌లో టూరిస్ట్ గైడ్ పని అక్కడి పౌరులకే పరిమితం. కాబట్టి గుహల్లోకి తీసుకెళ్లేది వాళ్లే. మనవాళ్లకు ఇక్కడ ముందుగా నేర్పించడం, అక్కడ పక్కనుండి చూసుకోవడం నా పని. బయల్దేరే ముందు రెండు ఆదివారాలు ఊరి బయట ఒక చెరువులో, ఛాతీలోతు నీళ్లలో ప్రాక్టీస్ ఉంటుంది.

మన దగ్గర ఈ భయం ఎందుకుందో నాకు బాగా తెలుసు. కాకతీయులు తవ్వించిన చెరువుల నేల ఇది. పాకాల, రామప్ప, లక్నవరం పేర్లు చెప్పుకుంటూ పెరిగాం. ప్రతి ఊళ్లో చెరువుంది, ప్రతి ఊళ్లోనూ ఆ చెరువులో పోయిన ఒక పిల్లవాడి కథ ఉంది. అలాంటి ఇంట్లో పెరిగిన మనిషిని సముద్రంలోకి రమ్మంటే గుండె దడదడలాడడం సహజం. దాన్ని చూసి ఎవరైనా నవ్వితే నాకు కోపం వస్తుంది. కానీ ఆ పిల్లల ఒంటి మీద లైఫ్ జాకెట్ లేదు. ఆ ఒక్క తేడాను మనం ఎప్పుడూ లెక్కలోకి తీసుకోం.

మనిషి ఒళ్లు నీళ్లలో దాదాపు తేలే వస్తువే. పెద్దవాళ్లలో చాలామందికి తల నీళ్ల పైన నిలవడానికి అదనంగా కావలసిన తేలుడు బలం 3 నుంచి 5.5 కిలోలు. అమెరికాలో కయాకింగ్‌కు వాడే మామూలు జాకెట్‌కు కనీసం 7 కిలోల బలం ఉండాలని నియమం. అంటే చేతులు కాళ్లు కదపకపోయినా జాకెట్ మిమ్మల్ని పైనే ఉంచుతుంది. ఈత వచ్చినా రాకపోయినా అంతే. ఒక్కటే షరతు, జాకెట్ ఒంటికి బిగుతుగా ఉండాలి.

ఆ షరతు విలువ నాకు తెలిసొచ్చిన రోజు ఇప్పటికీ గుర్తుంది. నేను ఈత నేర్చుకున్నది మా పొలం బావిలో, నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని. పదేళ్లకే మోట గోడ మీది నుంచి దూకేవాణ్ని. ఆ నమ్మకంతోనే మొదటిసారి సముద్ర గుహకు పోయాను. అప్పుడు నేనూ టూరిస్టునే. ఆ టూరు వాళ్లు ఇచ్చిన జాకెట్‌కు నడుం దగ్గరి క్లిప్పు విరిగి ఉంది. పట్టీ ముడేసి ఇచ్చారు. నేనేమీ అడగలేదు. గుహ మూతి దగ్గర గోడను ముట్టుకుందామని పక్కకు వంగాను. అదే సమయంలో నీళ్లు కయాక్‌ను కింది నుంచి ఎత్తాయి. బోల్తా పడ్డాను. ముడి జారిపోయింది. జాకెట్ పైకి తేలింది కానీ నేను దాంట్లోంచి కిందికి జారాను. రెండు భుజాల పట్టీలు చెవుల దగ్గరికొచ్చాయి, మెడ భాగం ముక్కుకు అడ్డం పడింది. చేతులు పైకి లేచిపోయి ఉంటే ఈత ఎలా కొడతాం? బావిలో నేర్చుకున్నదేదీ పనికి రాలేదు. గైడ్ వెనక నుంచి భుజం పట్టీ దొరకబుచ్చుకుని నన్ను తన కయాక్ మీదికి లాగాడు. మహా అయితే పది సెకన్లు. చేతి మీద ఆల్చిప్పలు కోసిన గీతలు నెల రోజులున్నాయి.

బావి నీళ్లు కదలవు. మెట్టో, తాడో పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. గుహలో గోడకు ఆల్చిప్పలు బ్లేడుల్లా అతుక్కుని ఉంటాయి. నీళ్లు గోడ వైపు నెట్టి మళ్లీ వెనక్కి లాగుతాయి. గజ ఈతగాడైనా ఆ తోపుడుకు ఎదురీదలేడు. అక్కడ చేయాల్సింది కాసేపు తేలుతూ, గైడ్ వచ్చేదాకా ఓపిక పట్టడం. కయాక్ అందేంత దగ్గరుంటే పట్టుకోవాలి. అయితే కయాక్‌కూ రాతికీ మధ్యలో మాత్రం ఉండొద్దు.

అందుకే మా బ్యాచ్‌లో ఎవరు జాకెట్ వేసుకున్నా నేనొక పరీక్ష పెడతాను. ఎదురుగా నిలబడి రెండు భుజాల పట్టీలు పట్టుకుని పైకి ఎత్తుతాను. జాకెట్‌తో పాటు మనిషి కూడా మునివేళ్ల మీదికి లేవాలి. జాకెట్ ఒక్కటే గడ్డం దాకా వచ్చిందంటే అది వేసుకోనట్టే. ముందు నడుం పట్టీ బిగించాలి, తర్వాత పక్క పట్టీలు, చివరగా భుజాలవి. చాలామంది భుజాలవి ముందు లాగుతారు. జాకెట్ అప్పుడే సగం పైకి పోతుంది. చీర మీద, వదులు కుర్తా మీద ఇది కుదరదు. ట్రాక్ ప్యాంటు, ఒంటికి పట్టిన టీషర్టు వేసుకోండి. మీరు ఎవరితో వెళ్లినా, ఏ దేశంలో అయినా, ఈ పరీక్ష పక్కవాళ్ల చేత చేయించుకోండి. క్లిప్పు విరిగిన జాకెట్ ఇస్తే మార్చమనండి. మొహమాటపడకండి.

పరకాల నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చారు. 63 ఏళ్లు. మొదటి ఆదివారం చెరువు గట్టు మీద కూర్చుని కిందికి దిగనే లేదు. "బిడ్డా, నా జాతకంల నీళ్ల గండం ఉన్నది. మా అమ్మ నన్ను చెర్వుకు బతుకమ్మ ఏయనీకి గూడ దగ్గరికి రానియ్యకపోయేది" అన్నారు. నేను జాతకం గురించి ఒక్క మాట అనలేదు. ఆమె వయసంతా మోసుకొచ్చిన భయం అది, వాదించి గెలిచేది కాదు. "అమ్మా, జాకెట్ ఏసుకుని మోకాళ్ల దాకా రండి, చాలు" అన్నాను. రెండో ఆదివారం ఛాతీలోతులో వెల్లకిలా పడుకోబెట్టి, తల కింద నా అరచేయి పెట్టి, మెల్లగా తీసేశాను. ఆమెకు తెలియలేదు. తెలిశాక కళ్లు మూసుకుని అట్లాగే ఉండిపోయారు, చాలాసేపు.

ఫాంగ్ నాలో ఆ గుహలను హాంగ్ అంటారు. థాయ్ భాషలో హాంగ్ అంటే గది. మన బొర్రా గుహల్లాంటి సున్నపురాయే. వాన నీళ్లు వేల ఏళ్లు కొండను లోలోపల కరిగించి డొల్ల చేస్తే, పైకప్పు కూలి, ఆకాశం కనిపించే గది మిగిలింది. బయటి నుంచి దానికి దారి ఒక సన్నని సొరంగం. నీళ్లు సరైన మట్టంలో ఉన్నప్పుడే తెరుచుకుంటుంది. లోపల తెడ్డు వేసేది గైడే, మనం వెల్లకిలా పడుకోవాలి. ముక్కుకు జానెడు దూరంలో రాయి జరుగుతూ ఉంటుంది, గబ్బిలాల కంపు వస్తుంది, టార్చి వెలుగు తప్ప ఏమీ ఉండదు. చేతులు ఒళ్లోనే ఉండాలి. టీచరమ్మ ఆ రెండు నిమిషాలూ విష్ణు సహస్రనామం చదువుతూనే ఉన్నారు. బయటికి తేలగానే చుట్టూ నిలువు కొండలు, మధ్యలో నిశ్చలంగా పచ్చటి నీళ్లు, అంచున మడ చెట్లు. ఆమె ఆపేశారు. "మా అమ్మ సూస్తె బాగుండు" అన్నారు.

ఇక ఈతను పక్కన పెడితే, మిగతా అపోహల్లో కాస్త ఆగి చెప్పాల్సింది ఒక్కటుంది. "గైడ్ ఉన్నాడు, డబ్బు కట్టాం, కాబట్టి తీసుకెళ్లాల్సిందే" అనే పట్టుదల. సముద్రం పైకి నున్నగా కనిపిస్తుంది, ఒక్క నురగ కూడా ఉండదు. కానీ దూరంగా ఎక్కడో పుట్టిన స్వెల్, అంటే నురగ లేకుండా వచ్చే పొడవాటి అల, కింద నడుస్తూ ఉంటుంది. వెడల్పుగా వచ్చిన నీళ్లు ఇరుకు గుహలో చొరబడితే ఎత్తు పెరుగుతుంది, మనిషిని పైకప్పు దాకా తీసుకుపోగలదు. పైగా కెరటాలు గుంపులుగా వస్తాయి. కొన్ని నిమిషాలు ప్రశాంతంగా ఉండి, తర్వాత వరసగా కొన్ని పెద్దవి. మంచి గైడ్ గుహ మూతి దగ్గర ఊరికే ఆగి చూస్తూ ఉండేది అందుకే. మనవాళ్లు టైం పాస్ చేస్తున్నాడు అనుకుంటారు. "ఈరోజు లోపలికి వద్దు" అన్న గైడ్‌తో గొడవ పడకండి. ఆ ఒక్క మాట చెప్పడానికే అతనికి మీరు జీతం ఇస్తున్నారు.

అమావాస్య నాడు సముద్రం మీదికి పోవద్దంటారు. ఇందులో సగం నిజం ఉంది. అమావాస్యకు, పౌర్ణమికి పోటు ఎక్కువ పైకి, ఆటు ఎక్కువ కిందికి పోతాయి, ప్రవాహం వేగంగా ఉంటుంది. హాంగ్ తెరుచుకునే సమయం తగ్గుతుంది, అంతే. పోటు పెరిగాక సొరంగం మూసుకుపోతే మళ్లీ నీళ్లు తగ్గేదాకా కొన్ని గంటలు లోపలే కూర్చోవాలి. అందుకే గైడ్ "పదండి" అంటే ఇంకో సెల్ఫీ అనకండి. పోటు ప్రతిరోజూ ముందు రోజు కంటే దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. "నిన్నటి గ్రూపును ఎనిమిదింటికే తీసుకపోయిండ్రు, మమ్మల్నేమో ఎండల తీసుకపోతరా" అని నన్ను నిలదీసినవాళ్లున్నారు. టైం పెట్టేది నేనూ కాదు, గైడూ కాదు.

"పడవకు అడుగున రంధ్రాలున్నయి సార్, నీళ్లొస్తున్నయి." ఇది ప్రతి బ్యాచ్‌లో వినిపిస్తుంది. ఒకాయన జేబు రుమాలు కుక్కారు కూడా. పైన కూర్చునే రకం ప్లాస్టిక్ కయాక్‌లో ఆ రంధ్రాలు పైన పడ్డ నీళ్లు కిందికి పోవడానికి. లోపల పడవంతా గాలి నిండి మూసి ఉంటుంది. తడుస్తారు, మునగరు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు శాన్ డియాగోలోని లా హోయా గుహల గురించి అడుగుతున్నారు. అది ఫాంగ్ నాలాగా కొండల చాటు నీళ్లు కాదు, తెరిచిన పసిఫిక్. హెల్మెట్ ఇస్తారు, పెట్టుకోండి. నీళ్లు చల్లగా ఉంటాయి, ఎండాకాలంలో కూడా. అక్కడ జనం బోల్తా పడేది ఎక్కువగా గుహలో కాదు, ఒడ్డున కెరటాలు విరిగే చోట, మోకాలి లోతులో. కయాక్ ముక్కును కెరటానికి ఎదురుగా తిన్నగా పెడితే చాలు, పక్కకు తిరగనివ్వకండి. వేసవిలో అక్కడ కనిపించే చిరుత సొరచేపలు మనిషిని ఏమీ చేయవు. వాట్సాప్‌లో తిరిగే సొరచేప వీడియోలు దయచేసి నాకు పంపకండి.

బరువు అడిగితే నిజం చెప్పండి. పడవను, జతను దాన్ని బట్టే నిర్ణయిస్తారు. ఫారంలో ఆస్తమా, గుండె జబ్బు, మూర్ఛ, ఎప్పుడో జారిన భుజం, గర్భం, ఏదీ దాచొద్దు. చెప్తే వద్దంటారేమోనన్న టెన్షన్ నాకు అర్థమవుతుంది. చాలాసార్లు వద్దనరు, ఇన్‌హేలర్ తడవని సంచిలో పెట్టి గైడ్ దగ్గర ఉంచుతారు. గుహలో ఊపిరాడదనే భయం వద్దు, ఈ టూర్లు వెళ్లే గుహలు గాలి ఆడేవే. చీకటి, ఇరుకు పడనివాళ్లు మాత్రం ముందే చెప్పండి. సొరంగం బయట ఆగి తిరిగి రావచ్చు, అందులో తప్పేమీ లేదు.

నర్సంపేట కుర్రాణ్ని ఈ ఆదివారం పొద్దున ఆరున్నరకు చెరువుకు రమ్మన్నాను. వచ్చాడు. జాకెట్ వేసుకుని, పట్టీలు వదులుగా వదిలేసి, "సూడన్నా, ఏసుకున్న" అన్నాడు. రెండు భుజాలు పట్టుకుని ఎత్తాను. చెవుల దాకా వచ్చింది. ఛాతీలోతులోకి తీసుకెళ్లి అట్లాగే పడమన్నాను. నీళ్లలోంచి లేచి దగ్గుతూ, మొహం మీది నుంచి జాకెట్ కిందికి లాక్కున్నాడు. ఏమీ అడగలేదు. నడుం పట్టీ వెతుక్కుని, క్లిప్పు పెట్టి, రెండు చేతులతో గట్టిగా లాగాడు.

"ఇప్పుడు ఎత్తన్నా" అన్నాడు.