రేవులో మిగిలిన పొలుసులు

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాట ముగిసి బుట్టలన్నీ వెళ్లిపోయాక కూడా గచ్చు మీద పొలుసులు మెరుస్తూనే ఉంటాయి. నీళ్లు కొట్టి కడిగినా పగుళ్లలో కొన్ని మిగులుతాయి. వాటిని చూసి ఇక్కడ చేపలున్నాయని ఎవరూ అనుకోరు.

2020 ఆగస్టులో మద్దిలపాలెంలో మా బాబాయికి కరోనా తగ్గింది. పనిలోకి రావాలంటే నెగిటివ్ కాగితం తెమ్మన్నారు. జ్వరం మొదలైన 26వ రోజున పరీక్ష చేయిస్తే మళ్లీ పాజిటివ్. మనిషి మళ్లీ మేడ మీద గదిలోకి వెళ్లిపోయాడు. పిన్ని అన్నం పళ్లెం పై మెట్టు మీద పెట్టి, కిందికి దిగాక పిలిచేది. జబ్బు కన్నా ఆ రెండో పాజిటివే ఆయనను ఎక్కువ కుంగదీసింది.

ఆర్‌టీపీసీఆర్ పరీక్ష వైరస్‌ను చూడదు. దాని జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏలోని కొన్ని చిన్న ముక్కలను వెతుకుతుంది. ముందు ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి, ఆ డీఎన్‌ఏను ఒక్కో విడతలో రెట్టింపు చేస్తుంది. పది విడతలకు వెయ్యి రెట్లు, ముప్పై విడతలకు వంద కోట్ల రెట్లకు పైనే. ఎన్నో విడతలో ఆనవాలు కనిపించిందో చెప్పే అంకె సీటీ విలువ. బాబాయికి మొదటిసారి 18, రెండోసారి 34. తేడా పదహారు విడతలు, అంటే దాదాపు 65 వేల రెట్లు తక్కువ. కిట్టును బట్టి, ముక్కులో పుల్ల ఎంత లోతుకు వెళ్లిందన్న దాన్ని బట్టి ఈ లెక్క కొంత మారుతుంది. అయినా ఇంత తేడాను కొట్టిపారేయలేం. ఆనవాళ్లు ఇంత పలచబడ్డాక ఈరోజు పుల్లకు అంటనివి రేపు అంటవచ్చు. మధ్యలో నెగిటివ్ వచ్చి మళ్లీ పాజిటివ్ రావడం చాలావరకు ఇలాంటిదే.

ఆ ముక్కలతో పాటు సజీవ వైరస్ కూడా ఉందా? అది తేలాలంటే నమూనాను సజీవ కణాల మీద వేసి వైరస్ పెరుగుతుందేమో చూడాలి. 2020లో దక్షిణ కొరియా ఆ పని చేసింది. కోలుకున్నాక మళ్లీ పాజిటివ్ వచ్చిన 285 మందిని, వారితో మెలిగిన 790 మందిని పరిశీలించారు. కేవలం మళ్లీ పాజిటివ్ వచ్చినవారి వల్లే కొత్తగా సోకినట్లు తేలినవారు ఒక్కరూ లేరు. ఆ 285 మందిలో 108 మంది నమూనాలను కణాల మీద పెంచి చూస్తే ఒక్కదానిలోనూ వైరస్ పెరగలేదు.

నిజంగా రెండోసారి సోకడమూ ఉంది. అదే ఆగస్టులో హాంకాంగ్‌లో ఒకరికి 142 రోజుల తేడాతో రెండుసార్లు సోకిందని తేల్చారు. అక్కడ ఆధారం రెండో పాజిటివ్ కాదు. రెండుసార్లూ దొరికిన వైరస్‌ల జన్యుక్రమాలు వేరుగా ఉండటం.

స్వల్ప లక్షణాలున్నవారు మొదటి లక్షణం కనిపించి పది రోజులు దాటి, మూడు రోజులుగా జ్వరం లేకపోతే పరీక్ష లేకుండానే ఇంటికి పంపవచ్చని కేంద్ర ఆరోగ్యశాఖ 2020 మే 8నే చెప్పింది. ఆగస్టులో కూడా నెగిటివ్ కాగితం అడిగినవారి మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

చివరికి తెలిసిన డాక్టరుగారికి ఫోన్ చేశాం. ఆయన రిపోర్టు సంగతి ముందు అడగలేదు. "జ్వరం మొదలై ఎన్నో రోజు? ఆసుపత్రిలో చేరాల్సి వచ్చిందా? క్యాన్సర్ మందులు గానీ, అవయవ మార్పిడి తర్వాత వాడే మందులు గానీ ఉన్నాయా?" అని అడిగారు. అలాంటి మందులతో రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో సజీవ వైరస్ నెలల తరబడి ఉండవచ్చట. అవేవీ లేవని చెప్పాం.

"అయితే మేడ దిగి రమ్మనండి" అన్నారు. పిన్ని అప్పటికే సగం మెట్లు ఎక్కేసింది.