లైబ్రేరియన్‌కి సోషల్ మీడియా: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

నేను లైబ్రేరియన్‌ని. పుస్తకాలకు నంబర్లు వేయడం, బీరువాల్లో సర్దడం, అడిగినవాళ్లకు వెతికి ఇవ్వడం చాలా ఏళ్లుగా నా పని. ఫేస్‌బుక్ పేజీ, వాట్సాప్, బ్లాగు, వికీ వంటివి సర్వీసు మధ్యలో నేర్చుకున్నాను. తోటి లైబ్రేరియన్లతో కూర్చున్నప్పుడల్లా వీటి మీద కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వినిపిస్తుంటాయి. వాటిలో సగం ఒకప్పుడు నేనూ నమ్మినవే. మన వృత్తి మీద ప్రేమ ఉన్నవాళ్లు ఈ మాటలు విని వెనక్కి తగ్గిపోతుంటే బాధేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఇవన్నీ కుర్రాళ్ల పనులు, ఈ వయసులో మనకి రావు.

2006లో అమెరికాలోని షార్లెట్, మెక్లెన్‌బర్గ్ కౌంటీ పబ్లిక్ లైబ్రరీలో హెలెన్ బ్లోవర్స్ అనే ఆవిడ సిబ్బంది కోసం ఒక కార్యక్రమం తయారుచేశారు. దాని పేరు '23 థింగ్స్'. 23 చిన్న చిన్న పనులు, తొమ్మిది వారాల గడువు. ఒక బ్లాగు తెరవండి, ఒక ఫొటో ఎక్కించండి, దానికి ట్యాగులు పెట్టండి, ఎవరైనా మార్చగలిగే వికీ పేజీలో ఒక వాక్యం మార్చండి, చేసినప్పుడు ఎలా అనిపించిందో మీ బ్లాగులో రాయండి. దాదాపు అంతే. పాఠం చెప్పేవాళ్లు లేరు, పరీక్ష లేదు. పూర్తి చేసినవాళ్లకు ఒక ఎంపీ3 ప్లేయర్ బహుమతి. ఆ కార్యక్రమాన్ని ఎవరైనా వాడుకునేలా వదిలేయడంతో ఎన్నో దేశాల లైబ్రరీలు దాన్ని తమకు తగ్గట్టు మార్చుకుని నడిపాయి.

అందులో నాకు నచ్చింది ఆ 23 పనుల జాబితా కాదు. అందులో ఉన్న చాలా సైట్లు ఇప్పుడు లేవు కూడా. పనివేళల్లోనే కాసేపు వాటితో ఆడుకోవడానికి సిబ్బందికి అనుమతి దొరకడం నచ్చింది. నేర్చుకోలేకపోతున్నామని చెప్పేవాళ్లలో చాలామందికి అడ్డం వస్తున్నది వయసు కాదు. ఏదైనా నొక్కితే చెడిపోతుందేమో, పై అధికారి చూస్తే ఏమనుకుంటారో అన్న టెన్షన్. లైబ్రరీ తెరవడానికి ముందు రోజూ అరగంట నేను దీనికే పెట్టుకున్నాను. వారానికి ఒకటే కొత్త పని. మొదటి వారమంతా ఫొటో తీసి, కత్తిరించి, రెండు వాక్యాలు రాసి పెట్టడంతోనే సరిపోయింది.

పైగా ఇందులో సగం మనకు ముందే వచ్చు. ట్యాగు అంటే పాఠకుడు తన మాటల్లో పెట్టే విషయ శీర్షికే. ఇరవై ఏళ్లు కేటలాగ్ చేసిన చేతికి హ్యాష్‌ట్యాగ్ ఎంచుకోవడం ఎంతసేపు?

అపోహ: పేజీ తెరిస్తే చాలు, జనం వాళ్లే వస్తారు.

నేను మొదట్లో పెట్టిన పోస్టులు ఇప్పుడు చదివితే నోటీసు బోర్డు చదివినట్టే ఉంటాయి. "నూతన గ్రంథములు వచ్చియున్నవి. పాఠకులు సద్వినియోగం చేసుకోగలరు." కింద నలభై పేర్ల జాబితా. ఎవరూ ఒక్క మాట రాయలేదు.

ఒకరోజు కౌంటర్ దగ్గర ఒక పిల్లవాడు ఎక్కిళ్లు ఎందుకొస్తాయని అడిగాడు. ఇద్దరం కలిసి 612 నంబరు పుస్తకాల్లో వెతికాం. డ్యూయీ వర్గీకరణలో ఒక్కో విషయానికీ ఒక్కో నంబరు ఉంటుంది, మనిషి శరీరం పనిచేసే తీరుకి 612. ఊపిరితిత్తుల కింద ఉండే విభాజక పటలం, అంటే డయాఫ్రమ్, ఉన్నట్టుండి బిగుసుకుంటుంది. ఆ వెంటనే స్వరపేటిక దగ్గర దారి టక్కున మూసుకుంటుంది. 'హిక్' మన్న చప్పుడు అదే. జవాబు దొరకగానే వాడు గట్టిగా నవ్వేశాడు. ఆ సాయంత్రం పేజీలో ఆ ప్రశ్న రాశాను, మూడు వాక్యాల్లో జవాబు రాశాను, చివర పుస్తకం పేరు, అది ఏ బీరువాలో ఉందో రాశాను. పిల్లవాడి పేరు, ఫొటో పెట్టలేదు. మర్నాటికి కింద ఆరు కొత్త ప్రశ్నలు ఉన్నాయి. ఆవులింత ఒకరిని చూసి ఇంకొకరికి ఎందుకు అంటుకుంటుందని ఒకరు, ఉల్లిపాయ కోస్తే కన్నీళ్లెందుకని ఇంకొకరు.

అప్పటినుంచి మా పేజీకి కావలసిన సరుకు కౌంటర్ దగ్గరే దొరుకుతోంది. ఆ రోజు ఎవరో అడిగిన ప్రశ్న, దానికి దొరికిన జవాబు, అది ఉన్న పుస్తకం. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు అని మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో చెప్పిన సూత్రాల్లో రెండోది, మూడోది. నలభై పేర్ల జాబితా ఏ పుస్తకానికీ పాఠకుణ్ణి తెచ్చిపెట్టలేదు. ఎక్కిళ్ల పుస్తకం మాత్రం ఆ నెలంతా బీరువాలో నిలవలేదు.

అపోహ: మెసేజ్‌లో ప్రశ్న వస్తే ఒక లింకు పంపేస్తే సరిపోతుంది.

ఒక మెసేజ్ సంగతి చెప్తాను. "నమస్తే అండీ. చెట్ల గురించి పుస్తకం ఉందా?"

ఉంది. 582లో చాలా ఉన్నాయి. అదే రాసి పంపేద్దామనుకుని ఆగాను.

"ఉన్నాయండీ. ఏ చెట్ల గురించి చూస్తున్నారు?"

"మా పెరట్లో నిమ్మచెట్టు ఉందండీ."

"పెంచడం గురించా, ఇంకేమైనా ఇబ్బందా?"

"ఆకులు ముడుచుకుపోతున్నాయి. ఆకు మీద తెల్లగా గీతలు గీసినట్టు ఉంటోంది."

ఆవిడకు కావలసింది 582 కాదు. 634లో పండ్లతోటల పుస్తకాలు, 632లో మొక్కల తెగుళ్ల పుస్తకాలు. మొదటి ప్రశ్నకే జవాబు చెప్పేసి ఉంటే అడవి చెట్ల వర్ణన ఉన్న లావుపాటి పుస్తకం ఇంటికి తీసుకెళ్లి, నాలుగు రోజుల తర్వాత తిరిగిచ్చేసి, లైబ్రరీలో ఏమీ దొరకదని అనుకునేవారు.

ఎదురుగా ఉన్న మనిషి ముఖం చూస్తే ఇంకా ఏదో అడగాలనుకుంటున్నారని తెలిసిపోతుంది. మెసేజ్‌లో ముఖం కనపడదు కాబట్టి, రిఫరెన్స్ డెస్క్ దగ్గర అడిగేదానికంటే ఇంకో ప్రశ్న ఎక్కువే అడగాలి. ఇందులో కొత్తగా నేర్చుకోవలసింది టైపు చేయడం ఒక్కటే.

అపోహ: కామెంట్లు తెరిస్తే చెత్తంతా వచ్చి పడుతుంది.

ఈ భయం ఉన్నవాళ్లకు నేను ఎప్పుడూ ఒకటే ఉదాహరణ చెప్తాను. 2008 జనవరిలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన పాత ఫొటోలు 3,000 పైచిలుకు ఫ్లికర్ అనే ఫొటోల సైటులో పెట్టింది. ఎవరైనా ట్యాగులు పెట్టొచ్చు, ఎవరైనా కామెంటు రాయొచ్చు. ఆ సంవత్సరం అక్టోబరు నాటికి 67,176 ట్యాగులు, ఏడు వేలకు పైగా కామెంట్లు వచ్చాయి. అసభ్యంగా ఉన్నాయని తీసేయవలసి వచ్చినవి 25 కూడా లేవు.

మిగిలిన కామెంట్లలో ఏముందో చూడండి. ఈ వీధి ఫలానా ఊళ్లోది, ఈ యంత్రం ఫలానా పనికి వాడేవారు, ఈ ఫొటోలో ఉన్నాయన పేరు ఇది అంటూ జనం చెప్పుకుంటూ వచ్చారు. సిబ్బంది వాటిని సరిచూసుకుని 500కు పైగా కేటలాగ్ రికార్డులను మెరుగుపరిచారు. మన కేటలాగ్‌లో 'గుర్తు తెలియని వ్యక్తి' అని ఉన్న ఫొటోలు ఎన్ని ఉంటాయో కదా. వాళ్లను గుర్తుపట్టగలిగినవాళ్లు బయటే ఉన్నారు.

అలాగని గేటు తెరిచి వదిలేయమనడం లేదు. రోజుకు ఒకసారైనా చూడాలి. ఏది ఉంచుతారో, ఏది తీసేస్తారో పేజీలోనే ముందు రాసిపెట్టాలి. విమర్శను తీసేయకండి. "మీ లైబ్రరీలో ఫ్యాన్లు తిరగవు" అని ఎవరైనా రాస్తే అది మనం పై అధికారులకు చూపించుకోవలసిన కాగితం.

అపోహ: మన లైబ్రరీ ఫొటోలే కదా, పెడితే ఎవరికి నష్టం?

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఒకరోజు హాలు నిండా జనం ఉన్నారు. సంతోషంతో కౌంటర్ దగ్గర నిలబడి ఫొటో తీసి పేజీలో పెట్టాను. గంట తర్వాత ఒక పాఠకురాలు ఫోన్ చేశారు. గొంతు వణుకుతోంది. "ఆ ఫొటో తీసేస్తారా అండీ?" అన్నారు. ఎందుకో నాకు అర్థం కాలేదు. ఫొటో పెద్దది చేసి చూశాను. కింది మూలన ఇష్యూ రిజిస్టరు తెరిచి ఉంది. ఆవిడ పేరు, పక్కనే ఆవిడ తీసుకెళ్లిన పుస్తకం పేరు స్పష్టంగా చదవొచ్చు. అది ఒక జబ్బు గురించిన పుస్తకం. ఇంట్లో వాళ్లకు కూడా ఆవిడ అప్పటికి చెప్పలేదు.

వెంటనే తీసేశాను. కానీ అప్పటికే దాన్ని ఇద్దరు షేర్ చేసి ఉన్నారు. వాళ్లకు ఫోన్ చేసి బతిమాలి తీయించాను. ఆవిడ మళ్లీ మా లైబ్రరీకి రావడానికి చాలా రోజులు పట్టింది.

పాఠకుడు ఏం చదువుతున్నాడో మూడోవాళ్లకు చెప్పకూడదన్నది ఇంటర్నెట్‌తో వచ్చిన నియమం కాదు. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1939లో ఆమోదించిన నీతి నియమావళిలోనే పాఠకుల సొంత విషయాలు గోప్యంగా ఉంచాలని ఉంది. సాధనం మారితే ఆ నియమం పాటించడం ఇంకా కష్టమవుతుంది. నేను ఇప్పుడు పోస్టు చేసే ముందు ఫొటోని నాలుగు మూలలా పెద్దది చేసి చూస్తాను. రిజిస్టరు, కంప్యూటర్ తెర, సభ్యత్వ కార్డు, గోడ మీద రాసి ఉన్న పాస్‌వర్డు ఏవీ కనపడకూడదు. మనుషుల ముఖాలుంటే అడిగి పెడతాను. పిల్లలైతే పెద్దవాళ్లను అడుగుతాను.

వాట్సాప్ గ్రూపు సంగతీ ఇదే. పాఠకులందరినీ ఒక గ్రూపులో చేర్చేస్తే ఒకరి ఫోన్ నంబరు మిగతా అందరికీ తెలిసిపోతుంది. ఆడపిల్లలు ఎంత ఇబ్బంది పడతారో ఆలోచించండి. సమాచారం పంపడానికే అయితే 2023లో వచ్చిన ఛానెల్ మేలు, అందులో ఒకరి నంబరు ఇంకొకరికి కనపడదు. "మీ పుస్తకం గడువు దాటింది" అని గ్రూపులో పేరు పెట్టి రాయడం మాత్రం ఎప్పుడూ వద్దు. అది ఆ ఒక్కరికే చెప్పవలసిన మాట.

అపోహ: ఏదో ఒక సైటు బాగా నేర్చుకుంటే జీవితాంతం సరిపోతుంది.

డెలీషియస్ అనే బుక్‌మార్కుల సైటు 2003లో మొదలైంది. ఎన్నో లైబ్రరీలు తమ విషయ సూచికలన్నీ అందులోనే పెట్టుకున్నాయి. చేతులు మారి మారి చివరికి 2017లో ఆగిపోయింది. సైట్లలో కొత్తగా వచ్చినవన్నీ ఒకేచోట చదువుకునే గూగుల్ రీడర్‌ని 2013 జులైలో మూసేశారు. ఫేస్‌బుక్ లాంటి గూగుల్ ప్లస్ 2019లో పోయింది. కాబట్టి ఏ సైటులో రాసినా అసలు ప్రతి మీ దగ్గర ఉండాలి. నేను ప్రతి పోస్టునీ ముందు మామూలు ఫైలులో రాసుకుంటాను, తారీఖు వేస్తాను, ఆ తర్వాతే పేజీలో పెడతాను.

ఇంకో సంగతి. పేజీని ఎవరో ఒక ఉద్యోగి సొంత ఖాతాతో తెరుస్తారు, ఆయన బదిలీ అయిపోతారు, పాస్‌వర్డు ఆయనతోనే వెళ్లిపోతుంది. ఇలా అనాథలైన లైబ్రరీ పేజీలు చాలా చూశాను. లైబ్రరీ ఈమెయిల్‌తో తెరవండి, కనీసం ఇద్దరు అడ్మిన్లుగా ఉండండి.

అపోహ: వికీపీడియాని లైబ్రేరియన్లు దూరం పెట్టాలి.

దూరం పెడితే అక్కడి తప్పులు అలాగే ఉండిపోతాయి. వికీపీడియాకు 15 ఏళ్లు నిండిన 2016 జనవరిలో లైబ్రేరియన్ల కోసమే ఒక ప్రచారం మొదలైంది. ఒక్కో లైబ్రేరియన్ ఒక్కో మూలం చేర్చండి, చాలు అన్నారు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి ఉంది. అందులో ఆధారం లేని వాక్యాలు కోకొల్లలు. వాటికి ఆధారమైన పుస్తకాలు మన బీరువాల్లో ఉన్నాయి. రచయిత, పుస్తకం, ప్రచురణకర్త, సంవత్సరం, పేజీ నంబరు. మనం రోజూ రాసే వివరాలే కదా ఇవి. ఒక్క జాగ్రత్త: మన లైబ్రరీ లింకుల్ని వరసగా అన్ని పేజీల్లో పెట్టుకుంటూ పోతే దాన్ని ప్రకటన కిందే లెక్కేసి తీసేస్తారు.

అపోహ: కార్యక్రమం పోస్టరుని బొమ్మగా పెడితే అందరికీ అందుతుంది.

చూపు లేని పాఠకుడి ఫోన్ ఆ బొమ్మలోని అక్షరాల్ని సరిగా చదివి వినిపించలేకపోవచ్చు. ఆర్నెల్ల తర్వాత వెతికినా అది దొరకదు. తారీఖు, సమయం, చోటు బొమ్మ కింద యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయండి. రెండు నిమిషాల పని.

అపోహ: పుస్తకం పీడీఎఫ్ గ్రూపులో పెట్టడం కూడా పాఠక సేవే.

కాపీరైటు తీరిన పుస్తకమైతే నిశ్చింతగా పెట్టండి. తీరకపోతే అది ఆ రచయితకు చేసే అన్యాయం. ఆ రచయిత పుస్తకాల మీదే మన లైబ్రరీ నడుస్తోంది.

అపోహ: ఎన్ని లైకులొస్తే అంత పని చేసినట్టు.

నా బల్ల సొరుగులో ఒక నోటు పుస్తకం ఉంది. పేజీలో, మెసేజుల్లో వచ్చిన ప్రశ్నలు, ఎవరడిగారో రాయకుండా, తారీఖుతో అందులో రాస్తాను. జవాబు దొరికితే పక్కన పుస్తకం నంబరు వేస్తాను. ఏ విషయం మీద మన దగ్గర పుస్తకాలు తక్కువున్నాయో ఆ ఖాళీ గళ్లు చూస్తేనే తెలుస్తుంది. కిందటిసారి కొనుగోలు జాబితా తయారుచేసినప్పుడు దాన్ని ముందు పెట్టుకునే రాశాను. ఈ వారం పదకొండు ప్రశ్నలు వచ్చాయి. రెండు గళ్లు ఇంకా ఖాళీగా ఉన్నాయి. ఒకటి పాత నౌకల తెరచాపల గురించి, ఇంకొకటి చెక్క వీణకు పట్టిన చెద గురించి. రేపు పొద్దున ముందు తీగల వాద్యాలుండే 787 దగ్గర వెతకాలి.