తాతయ్య తలమీది గరుకు మచ్చలు

చిన్నూకీ, పండుకీ,

తాతయ్య తలమీద ఆ పొక్కులేమిటని మొన్న వీడియో కాల్‌లో అడిగారు. ఫోన్‌లో చెప్తే సగమే చెప్పినట్టవుతుందని ఇలా రాస్తున్నాను. మీ అమ్మ కూడా టెన్షన్ పడుతోంది, తనకీ చదివి వినిపించండి.

తాతయ్యకు వచ్చింది క్యాన్సర్ కాదు. దాని పేరు యాక్టినిక్ కెరటోసిస్. ఏళ్ల తరబడి ఎండ తగిలిన చోట చర్మంలో వచ్చే మార్పు అది. వదిలేస్తే వాటిలో కొన్ని చర్మ క్యాన్సర్‌గా మారవచ్చు. కొన్ని వాటంతటవే పోతాయి కూడా. ఏది పోతుందో, ఏది ముదురుతుందో పైకి చూసి ఎవరూ చెప్పలేరు. అందుకే ముందే వైద్యం చేయించుకోవడం మంచిది.

తాతయ్య ఉద్యోగమంతా రోడ్ల పనుల దగ్గర, మండుటెండలోనే గడిచింది. ఆయనది తెల్లటి ఒళ్లు, పైగా బట్టతల. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైచర్మపు కణాల్లో డీఎన్ఏను దెబ్బతీస్తాయి. ఆ దెబ్బల్ని కణం ఎప్పటికప్పుడు బాగుచేసుకుంటూనే ఉంటుంది. బాగుపడనంతగా పాడైన కణాన్ని పెరగనివ్వకుండా ఆపడానికి మన ఒంట్లో పీ53 అనే జన్యువు ఉంది. ఆ జన్యువే దెబ్బతింటే ఇక పాడైన కణాలకు అడ్డు ఉండదు. ఇది ఒక్క వేసవిలో జరిగేది కాదు. చిన్నప్పటి నుంచీ తగిలిన ఎండంతా లెక్కలోకి వస్తుంది.

బెంగళూరు చల్లగా ఉంటుంది కదా, ఇక్కడేం భయం అంటారు చాలామంది. చల్లగాలి ఈ కిరణాలను ఆపదు. మన ఊరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. 1000 మీటర్లు పైకి వెళ్తే ఈ కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది. ఏప్రిల్ చివర్లో ఒక రోజు, ఆగస్టు మధ్యలో ఇంకో రోజు ఇక్కడ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ మధ్యాహ్నం నిలబెట్టిన కర్రకు పక్కకు నీడే పడదు. మామూలు రోజుల్లో కూడా మీ నీడ మీకంటే పొట్టిగా ఉందంటే ఎండ గట్టిగా ఉన్నట్టే.

ఈ మచ్చలు చాలాసార్లు కంటికంటే ముందు వేలికి తెలుస్తాయి. తాతయ్య తలకు నూనె రాస్తుంటే వడ్రంగి వాడే గరుకు కాగితంలా నా వేళ్లకు తగిలింది. చూస్తే కొంచెం ఎర్రగా ఉంది, అంతే. డాక్టరుగారు కూడా ముందు వేలితో తడిమారు. తర్వాత డెర్మటోస్కోప్ అనే భూతద్దం లాంటి పరికరం పెట్టి చూశారు. చెవి అంచున ఉన్నది మాత్రం దళసరిగా ఉంది, ముట్టుకుంటే నొప్పి. అలాంటిదాన్నీ, త్వరగా పెరిగేదాన్నీ, రక్తం కారేదాన్నీ చూసి వదిలేయరు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపారు. రిపోర్టులో క్యాన్సర్ లేదని వచ్చింది.

మీరు చూసిన పొక్కులు జబ్బువి కావు, వైద్యానివి. ద్రవ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల చల్లదనంలో ఉంటుంది. దాన్ని మచ్చమీద కొన్ని సెకన్లు స్ప్రే చేస్తే పాడైన కణాలు గడ్డకట్టి చచ్చిపోతాయి. అప్పుడు చురుక్కుమంటుంది, తర్వాత పొక్కి, పెచ్చు కట్టి రాలిపోతుంది. అక్కడ తెల్లమచ్చ మిగలవచ్చు. అది చూసి ఎవరూ కంగారుపడకండి.

నడినెత్తిన కనిపించీ కనిపించనివి చాలా ఉన్నాయని ఫైవ్ ఫ్లోరోయురాసిల్ అనే క్రీమ్ కూడా రాశారు. దీని కథ నాకు చాలా ఇష్టం. చార్లెస్ హైడెల్‌బెర్గర్ అనే శాస్త్రవేత్త బృందం 1957లో ఈ మందును లోపలి క్యాన్సర్ల కోసం తయారుచేసింది. అది తీసుకుంటున్న రోగుల ఒంటిమీద ఎండ మచ్చలు మొదట ఎర్రబడి, తర్వాత మాయమవడం డాక్టర్లు గమనించారు. అలా అది చర్మానికి పూసే మందు కూడా అయింది. రాసిన కొద్ది రోజులకే తల ఎర్రగా కంది, పెచ్చులు కడుతుంది. మందు పనిచేస్తోందని దానర్థం. భయపడి మధ్యలో మానేసేవాళ్లు ఉన్నారు, అందుకే తాతయ్యకు రోజూ నేనే గుర్తుచేస్తున్నాను.

మనలాంటి చామనఛాయ వాళ్లలో ఈ జబ్బు తక్కువ. మెలనిన్ అనే రంగు పదార్థం చాలావరకు కాపాడుతుంది. తక్కువ కాబట్టే ఎవరికీ అనుమానం రాదు. తామర అనో, వయసు మచ్చ అనో మందుల షాపులో ఏదో స్టెరాయిడ్ క్రీమ్ అడిగి తెచ్చి పూసుకుంటారు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. నెలలు అలా గడిచిపోతాయి. కిడ్నీ మార్పిడి జరిగి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

పండూ, మీ క్లాసులో తెల్లజుట్టు అబ్బాయి గురించి నువ్వు చెప్పావు కదా. అల్బినిజంతో పుట్టిన పిల్లల చర్మంలో మెలనిన్ బాగా తక్కువ, కొందరిలో అసలే ఉండదు. తాతయ్యకు ఈ వయసులో వచ్చిన మచ్చలు వాళ్లకు చాలా చిన్న వయసులోనే రావచ్చు, క్యాన్సర్‌గానూ మారవచ్చు. వాడు పొడుగు చేతుల చొక్కా, టోపీ, కళ్లద్దాలు వేసుకునేది ఫ్యాషన్ కోసం కాదు. వాడి టోపీ లాగి ఆడుకునేవాళ్లను నువ్వు ఆపాలి. మధ్యాహ్నం పీటీ పీరియడ్‌ను పొద్దున్నకు మార్చమని టీచర్‌ను అడుగు. కుదరదంటే ఆ పీరియడ్‌లో నీడలో ఆడించమను. మీ అమ్మను కూడా ఒకసారి స్కూల్లో మాట్లాడమంటాను.

ప్రేమతో,
అమ్మమ్మ
జయనగర్, బెంగళూరు