దారిలో ఇరుక్కున్న రైబోజోమ్‌ను విడిపించే డామ్34: ఒక ఈస్ట్ జన్యువు పూర్వాపరాలు

కడపలో బయోటెక్నాలజీ చదివే పిల్లల్ని ప్రొటీన్ తయారీ గురించి అడిగితే గడగడా చెప్పేస్తారు: ప్రొటీన్ తయారుచేసే యంత్రమైన రైబోజోమ్, జన్యువు సందేశం మోసుకొచ్చే ఎంఆర్ఎన్ఏ ఎక్కుతుంది, చదువుకుంటూ పోతుంది, ‘ఇక ఆగు’ అనే గుర్తు, అంటే స్టాప్ కోడాన్ రాగానే దిగిపోతుంది. మరి స్టాప్ కోడాన్ దాకా రాకముందే మధ్యలో ఇరుక్కుంటే? గువ్వలచెరువు ఘాట్‌లో లారీ మొరాయిస్తే వెనక బండ్లు బారులు తీరినట్టు, వెనకొచ్చే రైబోజోములూ దాన్ని గుద్దుకుని నిలబడిపోతాయి. బ్రెడ్డు పొంగించే ఈస్ట్‌లో ఈ అడ్డు తీసే జన్యువుల్లో డామ్34 ఒకటి.

ఇది 1990ల్లోనే దొరికింది. తీసేసినా ఈస్ట్ చావలేదు. పెరుగుదల మందగించింది, స్పోర్లు (గడ్డుకాలం దాటించే విత్తనాల్లాంటి కణాలు) సరిగా కట్టలేదు, పాలీరైబోజోములు, అంటే ఒకే ఎంఆర్ఎన్ఏ మీద వరసగా పనిచేసే రైబోజోముల గుంపులు, తగ్గాయి. పండ్ల ఈగలో దీనికి సరిపోలే జన్యువు పెలోటా. అది చెడితే మగ ఈగల్లో వీర్యకణాలు తయారయ్యే విభజన మధ్యలో ఆగిపోతుందని 1995లో తేలింది. దాంతో డామ్34ను కణ విభజన ఖాతాలో వేసేశారు. అప్పటికి చేతిలో ఉన్న ఆధారాలు అవే మరి.

కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం మొదలైన 2006లోనే అసలు మలుపు వచ్చింది. అమెరికాలో మీనాక్షి డోమా, రాయ్ పార్కర్ ఒక ఎంఆర్ఎన్ఏలో గట్టి మడత పెట్టారు. రైబోజోమ్ దాన్ని దాటలేక ఆగింది, ఆగిన చోటే ఎంఆర్ఎన్ఏ తెగింది. ఈ వ్యవహారంలో డామ్34 జన్యువు ఇచ్చే ప్రొటీన్‌కూ (దాని పేరూ డామ్34నే), దాని జతగాడైన ప్రొటీన్ హెచ్‌బీఎస్1కూ చెయ్యి ఉందని అప్పుడు బయటపడింది. కోసేది మాత్రం ఇవి కాదు. క్యూ2 అనే మరో ప్రొటీన్ ఆ పని చేస్తుందని తెలియడానికి 2019 దాకా పట్టింది.

డామ్34 పనితీరు 2010లో అమెరికా శాస్త్రవేత్త రేచల్ గ్రీన్ ల్యాబ్‌లో తేలింది. నాకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం ఇదే. స్టాప్ కోడాన్ దగ్గర తయారైన ప్రొటీన్‌ను విడిపించే ఈఆర్ఎఫ్1 అనే ప్రొటీన్‌కు డామ్34 అచ్చం తోబుట్టువులా ఉంటుంది. కానీ టీఆర్ఎన్ఏ (అమైనో ఆమ్లాలను రైబోజోమ్‌కు మోసుకొచ్చే అణువు) నుంచి ప్రొటీన్‌ను తెంచే మూడు అమైనో ఆమ్లాల ముక్క, అంటే గ్లైసిన్, గ్లైసిన్, గ్లుటమిన్, దీనికి లేదు. అందుకే సగం తయారైన ప్రొటీన్‌ను తెంచకుండా రైబోజోమ్‌నే పెద్ద భాగం, చిన్న భాగంగా విడదీస్తుంది. ఆర్ఎల్ఐ1 అనే ఇంకో ప్రొటీన్ తోడైతే ఆ పని ఇంకా చురుగ్గా సాగుతుంది.

ఈస్ట్‌ను గ్లూకోజ్ లేకుండా మాడ్చితే చాలా రైబోజోములు ఎంఆర్ఎన్ఏ లేకుండానే ఖాళీగా అతుక్కుని ఉండిపోతాయి. మళ్లీ గ్లూకోజ్ ఇచ్చాక వాటిని విడదీసి పనిలో పెట్టేదీ డామ్34, హెచ్‌బీఎస్1 జంటేనని 2014లో తేలింది. డామ్34 లేని ఈస్ట్ ఆ దశలో తేరుకోవడానికి ఆలస్యం చేస్తుంది. గ్లూకోజ్‌కు లోటు లేని ఫ్లాస్కులో పెంచినన్నాళ్లూ ఆ తేడా పెద్దగా కంటికి ఆనదు.